పాలకొల్లు క్షీరారామము

గోదావరి డెల్టాలో కొండ లేదు, గుట్ట లేదు. కనుచూపుమేర వరిచేలు, కొబ్బరితోటలు. ఈ సమతలములో పాలకొల్లును సమీపించు బాటసారికి దూరమునుండియే కనబడునది క్షీరారామలింగేశ్వరస్వామి ఆలయ గోపురము. తొమ్మిది అంతస్తులు, సుమారు 120 అడుగుల ఎత్తు. ఏ నేలలో కాలు పెట్టిన మడమ దిగునో, ఆ నేలమీద ఇంత బరువు ఎట్లు నిలిచినది?

మొదట పురాణకథను చూతము. తారకాసురుని కంఠమందున్న ఆత్మలింగమును కుమారస్వామి ఛేదింపగా, అది ఐదు తునకలై ఐదు చోట్ల పడినదట. అవియే పంచారామములు: అమరావతిలో అమరారామము, ద్రాక్షారామము, సామర్లకోటలో కుమారారామము, భీమవరము గునుపూడిలో సోమారామము, పాలకొల్లులో క్షీరారామము. ఇచ్చటి తెల్లని లింగమును విష్ణువు ప్రతిష్ఠించెనని చెప్పుదురు. ఉపమన్యువను బాలుడు పాలకై శివుని వేడగా, స్వామి పాల కొలనునే అనుగ్రహించెననియు, పాలకొలనే పాలకొల్లు అయినదనియు స్థలపురాణము. కార్తికమాసములో ఈ ఐదు క్షేత్రములను ఒక్క రోజున దర్శించుట నేటికిని భక్తుల ఆచారము.

ఇప్పుడు కట్టడమును చూతము. ద్రాక్షారామ, సామర్లకోట ఆలయములలో గర్భగుడి రెండంతస్తులు. లింగము ఆ రెండంతస్తులకును వ్యాపించి యుండును. ఆ రెండును తూర్పు చాళుక్యరాజగు చాళుక్య భీముని (క్రీ.శ. 892-921) పేరుతో ముడిపడినవి. అనగా ఆ కాలపు శిల్పి ఎత్తునంతయు దేవుని తలపైననే నిలిపెను. పాలకొల్లులో లింగము చిన్నది, గర్భగుడి చిన్నది. ఎత్తంతయు ద్వారముమీద నున్నది. ఈ గోపురము రెడ్డిరాజుల కాలము నాటిదని చెప్పుదురు. ఈ మార్పు పాలకొల్లుకు మాత్రమే చెందినది కాదు. తంజావూరులో సుమారు 1010లో ముగిసిన బృహదీశ్వరాలయమున విమానమే ఉన్నతము. తరువాతి మధురలో గోపురములే ఉన్నతములు. గుడిచుట్టు ఊరు పెరిగినది, ఉత్సవములు పెరిగినవి. లోపలి దేవుని దూరమున నున్నవానికి చూపవలసిన పని గోపురముపై పడినది.

ఇక బరువు మాట. ఊడ్పుల మడిలో నడచువాని కాలు పిక్కలవరకు దిగును. వాడే వెడల్పాటి పలకమీద నిలిచిన దిగడు. వాని బరువు తగ్గలేదు, అది ఆనుకొను చోటు పెరిగినది. పునాది పొడవును, వెడల్పును రెట్టింపు చేసిన వైశాల్యము నాలుగు రెట్లగును. నేలపై ఒత్తిడి నాలుగవ వంతుకు దిగును. గోపురము అడుగున విశాలము. పైకి పోయినకొలది ప్రతి అంతస్తును కుంచించుకొనిపోవును. దక్షిణదేశపు గోపురములలో సాధారణముగా క్రింది అంతస్తు రాయి, పైవి ఇటుక, సున్నము, లోపల బోలు. ఇట్లు బరువు పైకి పోను తగ్గును, బరువు కేంద్రము నేలకు దగ్గరగా నుండును. తుపాను గాలికి పట్టుచిక్కు తలభాగమే అన్నిటికంటె సన్ననిది.

డెల్టాలో రాయి పుట్టదు. ధవళేశ్వరము ఆనకట్ట (1847-1852), దానితో వచ్చిన కాలువలు లేని రోజులవి. కనుక ఈ గుడిలోని ప్రతి రాతిస్తంభము ఏటిమీదనో, ఎడ్లబండిమీదనో ఇచ్చటికి చేరినదే. అంత శ్రమపడి తెచ్చిన రాతిమీదనే మన పెద్దలు దానములను వ్రాయించిరి. ఎవరు దీపమునకు గొఱ్ఱెలనిచ్చిరి, ఎవరు నైవేద్యమునకు భూమినిచ్చిరి, ఏ శకవర్షమున, ఏ రాజు కాలమున: ఇట్టివి ఆనాటి గుడుల శాసనములే చెప్పును. ఆరామమను పదము బౌద్ధవిహారమునకును చెల్లును గనుక, పంచారామములు ఒకప్పుడు బౌద్ధస్థానములని కొందరు చరిత్రకారుల ఊహ. పేరు ఊహను మాత్రమే పుట్టించును, నిర్ణయించునది రాయి.

అట్టి రాతికి ప్రతి జీర్ణోద్ధరణములోను ప్రమాదము కలదు. భక్తితో పూసిన సున్నము, రంగు అక్షరముల గుంటలను పూడ్చును. నునుపు చేయు యంత్రము వాటిని తుడిచివేయును. రంగును కడుగవచ్చును, అరిగిన అక్షరమును మరల తేలేము. తడి కాగితమును శాసనముపై పరచి, కుంచెతో కొట్టి, సిరా అద్దిన అక్షరములు తెల్లగా తేలును. సున్నపు బకెట్టు తెచ్చుటకు ముందు ఆ కాగితమును తెచ్చిన, గుడి పవిత్రతకు లోటు రాదు, చరిత్రకును నష్టము రాదు.