తీర క్రమబద్ధీకరణ మండలం

సముద్ర తీరంలో నిర్మాణాలను, పరిశ్రమలను నియంత్రించేందుకు భారత ప్రభుత్వం గుర్తించిన ప్రాంతం. వాడుకలో సీఆర్‌జెడ్ అంటారు. పోటు రేఖ నుంచి 500 మీటర్ల మేర తీరాన్ని కాపాడాలని 1981లో ప్రధాని ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. పర్యావరణ పరిరక్షణ చట్టం (1986) కింద 1991 ఫిబ్రవరి 19న తొలి నోటిఫికేషన్ వెలువడింది.

1996లో సుప్రీంకోర్టు సీఆర్‌జెడ్ పరిధిలో వాణిజ్య రొయ్యల చెరువులను తొలగించమంది. నెల్లూరు వంటి జిల్లాల రైతులనూ తాకిన ఈ తీర్పు తర్వాత, 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం సాగును రిజిస్ట్రేషన్ పద్ధతిలోకి తెచ్చింది. 2008లో ప్రతిపాదించిన కొత్త విధానాన్ని మత్స్యకారుల నిరసనతో కేంద్రం విరమించుకుంది. 2011 నోటిఫికేషన్ వారి నివాస అవసరాలను గుర్తించింది. 2019 నోటిఫికేషన్ మాత్రం, చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనాభా ఉన్న గ్రామీణ తీరంలో నిర్మాణ నిషేధాన్ని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు కుదించింది.

మత్స్యకారులు పడవలు నిలిపేది, వలలు ఆరబెట్టేది ఈ తీరపు ఇసుక మీదే. కాబట్టి తీర ప్రణాళికల తయారీలో మత్స్యకార గ్రామాల మాటకు చోటుండాలి.