పొరుగింటి హోరు: ఫిర్యాదుకు ముందు ఏం రాసిపెట్టుకోవాలి?

విల్లియనూరు అనగానే తిరుకామీశ్వరర్ ఆలయ రథోత్సవం, లూర్దు మాత మందిరం గుర్తొస్తాయి. పండగ సందడి ఊరందరిదీ. గోడ అవతలి సౌండ్ బాక్సు అర్ధరాత్రి దాటినా ఆగకపోవడం వేరే సంగతి. ఇలాంటి చోట నిద్ర కరవైన కుటుంబానికి అండ 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు. ఇవి కేంద్రం తెచ్చినవి కాబట్టి విల్లియనూరులోనూ, యానాంలోనూ, తెలుగు రాష్ట్రాల్లోనూ ఒకేలా వర్తిస్తాయి.

పరిమితులు ఇవీ

నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. ప్రైవేటు సౌండ్ సిస్టమ్ మోత ఆ స్థలం సరిహద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటకూడదు. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట మోత పెట్టే నిర్మాణ యంత్రాలు నడపకూడదు. పండగలకు రాత్రి 12 దాకా మైకులకు ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు కానీ, ఏడాదికి 15 రోజులు మించకూడదు.

పగటి మోతపై ఫిర్యాదు చేయాలంటే అది పరిమితిని కనీసం 10 డెసిబెల్స్ దాటాలి. రాత్రి ఆంక్షల ఉల్లంఘనకు ఈ లెక్క అక్కర్లేదు. చాలామందికి తెలియని వెసులుబాటు ఇదే.

రికార్డు ఎలా?

ముందు ఒకసారి నెమ్మదిగా మాట్లాడండి. ఫలితం లేకపోతే నోటుబుక్కు తెరవండి. 'రోజూ గోలే' అని రాస్తే ఉపయోగం లేదు. 'శనివారం రాత్రి 10.40 నుంచి 12.15 వరకు పాటలు, తలుపులు మూసినా పడకగదిలోకి వినిపించాయి, 11.05కు 112కు ఫోన్ చేశాం' అన్నట్టు ఉండాలి.

ఫోన్ యాప్ చూపే డెసిబెల్ అంకె సూచన మాత్రమే. అధికారిక కొలతకు ప్రమాణీకరించిన మీటరు కావాలి. వీడియో మీ ఇంట్లోంచే తీయండి, పొరుగింటి లోపలికి కెమెరా తిప్పవద్దు. అసలు ఫైలును ఫోన్‌లోనే ఉంచండి. కోర్టుకు వెళితే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం అవసరమవుతుంది.

ఎవరికి చెప్పాలి?

మోత సాగుతుండగా 112కు, తర్వాత రాతపూర్వకంగా పోలీస్ స్టేషన్‌కు. అక్కడ కదలిక లేకపోతే జిల్లా మేజిస్ట్రేట్‌కు. ప్రతులు పుదుచ్చేరి కాలుష్య నియంత్రణ కమిటీకి పంపి, రసీదులు దాచుకోండి. వీధంతా ఇబ్బంది పడుతుంటే అది ప్రజా ఉపద్రవం: భారతీయ న్యాయ సంహిత 292వ సెక్షన్ కింద వెయ్యి రూపాయల వరకు జరిమానా. బాధ మీ ఒక్క ఇంటిదే అయితే సివిల్ కోర్టులో నిషేధ ఉత్తర్వు కోరవచ్చు.

పసిపిల్లల ఏడుపు, వంటింటి మిక్సీ చప్పుడు లాంటివాటికి ఈ దారి పనికిరాదు. అక్కడ మాటే మందు. మిగతావాటికి మాత్రం, తేదీ వేసి రాసిన నాలుగు పేజీలు నలభై నోటిమాటల కన్నా బలమైనవి.