గోల్కొండ గోడ క్రింద

చేవెళ్ల నుండి మొయినాబాదు మీదుగా గోల్కొండకు విహారయాత్రకు బయలుదేరిన ప్రతిసారీ బస్సులో ఎవడో ఒకడు అడిగేవాడు: "సార్, ఆ సొరంగం చార్మినార్ దాకా పోతదంట, నిజమేనా?" తెలుగు పంతులును గనుక నవ్వి ఊరుకొనేవాణ్ణి. ఆ ప్రశ్నకు ఇవ్వవలసిన జవాబు ఇన్నాళ్లకు వ్రాస్తున్నాను.

చరిత్రకెక్కిన గోల్కొండ సొరంగాలు రాజు పారిపోవడానికి త్రవ్వుకొన్నవి కావు. అతని కోటను కూల్చడానికి శత్రువు బయటినుండి త్రవ్వించినవి.

1687 ఆరంభంలో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించాడు. ఫిరంగులకు గోడలు లొంగలేదు. వానలు, కరవు, మహమ్మారి సైన్యాన్ని తినివేస్తున్నాయి. చివరకు బురుజుల క్రిందికి మూడు సొరంగాలు త్రవ్వించి మందు కూరించాడు. గోడ కూలిన మరుక్షణం లోపలికి దూకడానికి సైనికులను చేరువలోనే నిలబెట్టారు. ఆ నిలబెట్టడంలోనే ఉంది విషాదమంతా.

లోపల తానీషా సేనాని అబ్దుల్ రజాక్ లారీ ఊరక కూర్చోలేదు. కోటలోనుండి ఎదురు సొరంగం త్రవ్వించి మొగలుల సొరంగాలను చేరాడు. ఒకదానిలోని మందును తోడించి నీరు నింపించాడు. మిగిలినవాటిలో కోటవైపున్న మందును వీలైనంత తీయించి తడిపించాడు. శత్రువు వైపున్నది పొడిగానే మిగిలింది. జూన్ నెలలో మొగలులు నిప్పంటించగా పేలుడు వెనుకకు తన్నింది. రాళ్లూ మన్నూ సిద్ధంగా నిలిచిన సొంత సైన్యం మీదనే విరుచుకుపడ్డాయి. వేయిమందికి పైబడి మరణించారని యదునాథ సర్కారు లెక్క. రెండవదీ అంతే. మూడవది అసలు అంటుకోలేదు.

ఇది లారీ కొత్తగా కనిపెట్టిన ఉపాయం కాదు. సొరంగం త్రవ్వుతున్నారని అనుమానం కలిగిన చోట ఖాళీ కుండలనో కంచుపాత్రలనో ఉంచి జాడ పట్టాలనీ, జాడ తెలిసిన పిదప ఎదురు సొరంగం త్రవ్వాలనీ, లేదా నడుమ గండి కొట్టి పొగతోనో నీటితోనో నింపాలనీ కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఏనాడో విధించాడు. (మన 'సొరంగము'కు మూలమైన సంస్కృత 'సురుంగా' గ్రీకుల 'సిరింక్స్' నుండి వచ్చిందని భాషావేత్తలు పలువురి అభిప్రాయం. పండితునికి ఇటువంటి చోట ఆగకుండా పోవడం కష్టం.) అంటే భూగర్భ యుద్ధానికి సైనికుని సిద్ధం చేయడమంటే కత్తి త్రిప్పడం నేర్పడం కాదు, చీకటిలో ఓపికగా జాడ పట్టడం నేర్పడం. మొగలులకు త్రవ్వేవారు పుష్కలంగా ఉన్నారు. తాము త్రవ్విన దారిలోకి మరొకరు చొరబడ్డారా అని కనిపెట్టేవారు మాత్రం ఆ రాత్రి లేకపోయారు. వీరి పేర్లూ తెలియవు, వారి పేర్లూ తెలియవు. తెలిసినవన్నీ సేనానుల పేర్లే.

కోట ఆ సొరంగాలతో పడలేదు. సెప్టెంబరులో ఒక రాత్రి, శత్రువుకు అమ్ముడుపోయిన లోపలి సర్దారు ఒకడు దిడ్డి తలుపు తెరిచాడు. లారీ ఒంటినిండా గాయాలతో పడిపోయేదాకా పోరాడాడు. ఔరంగజేబే వైద్యులను పంపి బ్రతికించుకొన్నాడు. తానీషా దౌలతాబాదు చెరకు పోయాడు.

మొయినాబాదుకు ఎంతో దూరం లేని హిమాయత్ సాగరు చేరువలో కిలిచ్ ఖాన్ సమాధి ఉంది. మొదటి నిజాముకు తాత. ఆ ముట్టడిలోనే ఫిరంగి గుండుకు చేయి తెగి మరణించాడు. బస్సు ఎన్నడూ అక్కడ ఆపించలేదు నేను. పేలుడులో పోయినవారిని ఎక్కడ పూడ్చారో చూపే రాయి మాత్రం ఈ చుట్టుప్రక్కల నా కంటబడలేదు.