వరాఛా నుంచి స్లీపర్ బస్సు: బరువు పరిమితి ఎంత? బయలుదేరే ముందు ఏం చూడాలి?

సూరత్ నగరంలోని వరాఛా వజ్రాల సానపట్టే పరిశ్రమకు పేరుపొందిన ప్రాంతం. సౌరాష్ట్ర నుంచి వలస వచ్చిన కార్మిక కుటుంబాలు ఇక్కడ పెద్దసంఖ్యలో నివసిస్తాయి. దీపావళి సెలవులకు భావ్‌నగర్, అమ్రేలి వైపు వెళ్లేవారికి ప్రైవేటు స్లీపర్ బస్సులే ముఖ్యాధారం. సూరత్ మరమగ్గాలపై పనిచేసే తెలంగాణ నేత కుటుంబాలూ స్వస్థలాలకు రాకపోకల్లో ఇటువంటి బస్సులను ఆశ్రయిస్తాయి.

2022 జనవరిలో వరాఛా హీరాబాగ్ సర్కిల్ వద్ద భావ్‌నగర్ వెళ్లే స్లీపర్ బస్సు దగ్ధమై ఒక మహిళ మరణించింది. 2025 అక్టోబరు 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు వద్ద హైదరాబాద్–బెంగళూరు బస్సు ద్విచక్రవాహనాన్ని ఢీకొని మంటల్లో చిక్కుకోగా 19 మంది ప్రయాణికులు సజీవ దహనమయ్యారు. ఆ బస్సులో మొబైల్ ఫోన్ల పార్సిల్ కూడా ఉన్నట్లు వెల్లడైంది. బస్సులో ఏమేమి, ఎంత బరువుతో, ఎక్కడ ఎక్కిస్తున్నారన్నది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న.

రెండు సంఖ్యలు

ప్రతి వాహన రిజిస్ట్రేషన్ పత్రంలో రెండు బరువులు ఉంటాయి. మొదటిది ఖాళీ వాహనం బరువు. రెండవది ప్రయాణికులు, సామాను సహా వాహనం మొత్తంగా మోయదగిన గరిష్ఠ బరువు. వీటి మధ్య వ్యత్యాసమే మోయగల భారం.

ఉదాహరణకు గరిష్ఠ బరువు 16,200 కిలోలు, ఖాళీ బరువు 11,600 కిలోలుగా ఉన్న బస్సును తీసుకుంటే మిగిలేది 4,600 కిలోలు. 36 మంది ప్రయాణికులు, ముగ్గురు సిబ్బంది, తలకు 65 కిలోల చొప్పున 2,535 కిలోలు. ప్రయాణికుల సామాను తలకు 15 కిలోల చొప్పున 540 కిలోలు. 300 లీటర్ల డీజిల్ సుమారు 250 కిలోలు. ఇక మిగిలేది 1,275 కిలోలు. 50 కిలోల చీరల మూటలు 25 ఎక్కించవచ్చు. 26వ మూటతో పరిమితి దాటిపోతుంది. డిక్కీలో చోటు ఉన్నంత మాత్రాన బరువుకు అనుమతి ఉన్నట్లు కాదు.

ఇరుసుల లెక్క

మొత్తం బరువు పరిమితిలోనే ఉన్నా ఒక ఇరుసుపై భారం మితిమీరవచ్చు. 2018 జూలైలో కేంద్రం సవరించిన పరిమితుల ప్రకారం రెండు టైర్ల ముందు ఇరుసుకు 7 టన్నులు, నాలుగు టైర్ల వెనుక ఇరుసుకు 11.5 టన్నులు గరిష్ఠం. అయితే ఆయా వాహన రిజిస్ట్రేషన్ పత్రంలో అంతకన్నా తక్కువ ఉంటే దానినే పాటించాలి.

వెనుక ఇరుసుకు అవతల బరువంతా పేర్చితే ముందు చక్రాలపై భారం తగ్గి స్టీరింగ్ పట్టు సడలుతుంది. పైకప్పుపై మూటలు వేస్తే గురుత్వకేంద్రం పైకి జరిగి మలుపుల్లో బోల్తా పడే ముప్పు పెరుగుతుంది. అధిక భారంతో టైర్లు, బ్రేకులు వేడెక్కుతాయి. బస్సు ఆగేందుకు ఎక్కువ దూరం పడుతుంది.

మోటర్ క్యారవాన్‌కూ ఇదే సూత్రం

పడక, వంటగది, స్నానాలగది గల మోటర్ క్యారవాన్లకు మన దేశంలో ఏఐఎస్-124 ప్రమాణం ఉంది. వీటిలో అమర్చిన పరికరాలే అనుమతించిన భారంలో చాలా భాగాన్ని ఆక్రమిస్తాయి. 200 లీటర్ల నీటి తొట్టి నిండితే 200 కిలోలు చేరినట్లే. వంటగ్యాస్ సిలిండర్‌ను కదలకుండా బిగించి, ప్రయాణంలో వాల్వు మూసివేయాలి. రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 నిషేధిస్తోంది.

బయలుదేరే ముందు

• వాహనాన్ని పూర్తి భారంతో వేబ్రిడ్జిపై తూయించాలి. వీలైతే ముందు, వెనుక ఇరుసులను విడివిడిగా తూయించాలి.
• టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి పీడనం చూడాలి. టైరు పక్కభాగంలోని చివరి నాలుగు అంకెలు తయారీ వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి: 2423 అంటే 2023లో 24వ వారం.
• బరువైన సామాను కింద, ఇరుసుల మధ్య ఉంచాలి. తేలికైనది పైన సర్దాలి.
• మండే ద్రవాలను, పెద్దమొత్తంలో బ్యాటరీలను ప్రయాణికుల బస్సులో ఎక్కించరాదు.
• అత్యవసర ద్వారం తెరుచుకుంటోందో లేదో పరీక్షించాలి. నడవలో మూటలు ఉంచరాదు. అద్దాలు పగలగొట్టే సుత్తి, మంటలార్పే సాధనం అందుబాటులో ఉండాలి.

జరిమానా

2019 సవరణ తర్వాత సెక్షన్ 194 ప్రకారం అధిక భారానికి రూ.20,000, అదనంగా ప్రతి టన్నుకు రూ.2,000 జరిమానా విధిస్తారు. అదనపు సరకును దించే ఖర్చు కూడా భరించాలి. పరిమితికి మించి ఎక్కించిన ఒక్కొక్క ప్రయాణికుడికి సెక్షన్ 194ఏ కింద రూ.200 చెల్లించాలి.

ప్రయాణికులు చూడగలిగినవీ ఉన్నాయి. పైకప్పుపై మూటల గుట్ట, ఒక పక్కకు ఒరిగిన బస్సు, పార్సిళ్లతో మూసుకుపోయిన అత్యవసర ద్వారం కనిపిస్తే ఎక్కకముందే సిబ్బందిని నిలదీయవచ్చు. బస్సు కదిలి, అందరూ పడకలపై నిద్రపోయాక ఆ అవకాశం ఉండదు.