మరమ్మతుల్లో ఉన్న ఖాళీ ఇళ్లపై కౌన్సిల్ ట్యాక్స్ (ఇంగ్లండు)

ఎవరూ కాపురం లేక, సామాను లేక, పెద్ద మరమ్మతుల్లో ఉన్న ఇంటికి స్థానిక పన్ను ఎంత కట్టాలి? ఈ ప్రశ్నకు ఇంగ్లండు ముప్పై ఏళ్లలో పలుమార్లు జవాబు మార్చింది. 1993లో అలాంటి ఇంటికి పన్నే లేదు. ఇప్పుడు అనేక చోట్ల మొదటి రోజు నుంచే పూర్తి పన్ను పడుతుంది.

పూర్వపు స్థానిక పన్ను ‘రేట్లు’. 1601 నాటి పేదల సహాయ చట్టం దీనికి మూలం. ఆస్తిని అనుభవిస్తున్నవాడే పన్ను కట్టాలన్నది దాని సూత్రం కాబట్టి, ఖాళీ ఇంటికి కట్టేవాడే ఉండడు. ఈ సూత్రానికి 1966 చట్టం గండి కొట్టి, ఖాళీ ఆస్తులపై సగం వరకు రేట్లు విధించే వీలును స్థానిక సంస్థలకు ఇచ్చింది. 1990లో ఇళ్ల రేట్లు పోయి, తలకింతని వసూలు చేసే పోల్ ట్యాక్స్ వచ్చింది. జనం తిరగబడ్డారు. ఆ ఏడాది మార్చి 31న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర అల్లర్లు జరిగాయి, నవంబరులో ప్రధాని మార్గరెట్ థాచర్ రాజీనామా చేశారు. 1993 ఏప్రిల్ 1న కౌన్సిల్ ట్యాక్స్ మొదలైంది. 1991 ఏప్రిల్ 1 నాటి విలువను బట్టి ఇళ్లను ‘ఎ’ నుంచి ‘హెచ్’ వరకు ఎనిమిది బ్యాండ్లుగా విభజించారు. ఇంగ్లండులో నేటికీ ఆ పాత విలువలే ఆధారం.

కొత్త పన్నుతో పాటే ‘క్లాస్ ఎ’ మినహాయింపు వచ్చింది. నివాసయోగ్యం కావడానికి పెద్ద మరమ్మతు లేదా కట్టడపు మార్పు అవసరమై, ఖాళీగా ఉన్న ఇంటికి పని సాగినంత కాలమూ, పూర్తయ్యాక ఆరు నెలల వరకూ పన్ను ఉండేది కాదు. పైకప్పు, పునాది, బరువు మోసే గోడల వంటి పనులే లెక్క. వంటగది మార్చి రంగులు వేయిస్తే సరిపోదు. గడువు లేకపోవడంతో మరమ్మతు పేరు చెప్పి ఏళ్ల తరబడి ఇల్లు మూసి ఉంచే వీలుండేది. అందుకే 2000 ఏప్రిల్ నుంచి దీన్ని 12 నెలలకు పరిమితం చేశారు. ఇది సబబైన సవరణే.

అసలు మలుపు 2012 స్థానిక ఆర్థిక చట్టం. 2013 ఏప్రిల్ 1 నుంచి క్లాస్ ఎ రద్దయింది. దాని బదులు 12 నెలల వరకు ఎంత తగ్గింపు ఇవ్వాలో, అసలు ఇవ్వాలో లేదో కౌన్సిల్ ఇష్టానికి వదిలారు. ఒకే పని జరుగుతున్న రెండు ఇళ్లలో, సరిహద్దుకు ఇవతలి ఇంటికి పన్ను మాఫీ, అవతలి ఇంటికి పూర్తి పన్ను పడే పరిస్థితి వచ్చింది. రెండేళ్లకు పైగా ఖాళీగా ఉన్న ఇంటిపై 50 శాతం వరకు అదనపు పన్ను, అంటే ‘ప్రీమియం’ కూడా అప్పుడే మొదలైంది. 2018 చట్టంతో దీని గరిష్ఠ పరిమితి 2019లో 100 శాతానికి, ఐదేళ్లు దాటిన ఇళ్లకు 2020లో 200కి, పదేళ్లు దాటిన వాటికి 2021లో 300కి పెరిగింది. 2024 ఏప్రిల్ నుంచి ఏడాది ఖాళీగా ఉన్నా ప్రీమియం వేసే అధికారం కౌన్సిళ్లకు దక్కింది.

ఇళ్ల కొరత ఉన్న దేశంలో తాళం వేసిన ఇంటిపై ఒత్తిడి తేవడం న్యాయమే. అయితే ఖాళీ కాలపు లెక్క యజమానిని కాక ఇంటిని పట్టుకుని నడుస్తుంది. ఏళ్ల తరబడి పాడుబడ్డ ఇంటిని కొన్నవారికి పాత ఖాళీ కాలం కూడా సంక్రమిస్తుంది. మధ్యలో ఆరు వారాలకు మించకుండా ఎవరైనా ఉన్నా గడియారం వెనక్కి తిరగదు. ఇంగ్లండులో పాత ఇల్లు కొని బాగుచేయించుకోవాలనుకునే తెలుగువారు బేరానికి ముందే ఆ ఇల్లు ఎప్పటి నుంచి ఖాళీయో కౌన్సిల్‌ను అడిగి తెలుసుకోవాలి. ఇల్లు వదిలేసినవాడినీ, దాన్ని నిలబెట్టడానికి డబ్బు పోస్తున్నవాడినీ ఒకే గాటన కట్టడం ఈ విధానంలోని పెద్ద లోపం.

పూర్తిగా శిథిలమైతే ఇంటిని పన్ను జాబితా నుంచే తీసేయమని కోరవచ్చు. 2011 నాటి హైకోర్టు తీర్పు ప్రకారం సహేతుకమైన మరమ్మతుతో నివాసయోగ్యం చేయగలిగితే ఇల్లు జాబితాలోనే ఉంటుంది. ఖర్చు గిట్టుబాటవుతుందా అన్నది ప్రశ్న కాదు.

2025 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన నిబంధనలు పెద్ద మరమ్మతుల్లో ఉన్న ఇళ్లకు 12 నెలల వరకు ప్రీమియం నుంచి ఊరట ఇచ్చాయి. కౌన్సిల్ తగ్గింపు ఇస్తే తప్ప మామూలు పన్ను మాత్రం కట్టాల్సిందే. పక్కనున్న వేల్స్ క్లాస్ ఎ మినహాయింపును రద్దు చేయలేదు. అక్కడ ఇలాంటి ఇంటికి 12 నెలల వరకు కౌన్సిల్ ట్యాక్స్ లేదు.