అచ్చు దొరికితే చాలునా? మచిలీపట్నం అద్దకం చెప్పే పాఠం

ఒక వస్తువు తయారీ ఆగిపోతుంది. చాలా ఏళ్ళకు దానిమీద మళ్ళీ జనానికి మోజు కలుగుతుంది. వెదికితే ఏదో మూల దాని పాత అచ్చు దొరుకుతుంది. ఇక నేమి, అచ్చు ఉన్నది గనుక వస్తువు కూడా తిరిగి వచ్చినట్లే అనుకుంటాం. ఈ మాటలో నిజమెంత?

ముందు మన విద్యార్థులకు తెలిసిన ఆటవస్తువునే చూద్దాం. టెన్నిస్ రాకెట్టును 1970 దశకం దాకా ఎక్కువగా కర్రతో చేసేవారు. ఆ తర్వాత కర్బన తంతువులు వచ్చాయి. జిగురు పట్టించిన తంతువుల పొరలను గొట్టంలా చుట్టి, లోహపు అచ్చులో అమర్చి, లోపల గాలి ఒత్తిడి పెట్టి, వేడిచేస్తారు. జిగురు గట్టిపడి రాకెట్టు చట్రం తయారవుతుంది. ఇక్కడ అచ్చు నిర్ణయించేది బయటి ఆకారాన్ని మాత్రమే. పొరలెన్ని, అవి ఏ కోణంలో పడ్డాయి, తంతువు ఏ రకం, జిగురు ఏ రకం అన్నవాటిమీదనే చట్రం బరువూ, బిగువూ, బంతి తగిలినప్పుడు చేతికి తెలిసే అదురూ ఆధారపడతాయి. ఒకే అచ్చులో నుంచి రెండు భిన్నమైన రాకెట్లు రావచ్చు. కాబట్టి ఆగిపోయిన రకాన్ని పాత అచ్చులోనే మళ్ళీ పోసినా, పొరల లెక్క తెలియకపోతే వచ్చేది పాత రాకెట్టు రూపం మాత్రమే.

తెలుగుదేశంలో ఇదే ప్రశ్నకు మూడు నాలుగు శతాబ్దాల చరిత్ర ఉన్నది. అది మచిలీపట్నం అద్దకపు బట్టల చరిత్ర.

ఈ బట్టలకు కలంకారీ అని పేరు. పారసీ భాషలో కలం అంటే లేఖిని, కారీ అంటే పని. శ్రీకాళహస్తిలో నిజంగానే కలంతో బొమ్మలు గీస్తారు. మచిలీపట్నంలోనూ, పక్కనున్న పెడనలోనూ చెక్క అచ్చులతో అద్దుతారు. టేకు చెక్కమీద బొమ్మ గీసి, ఉలితో చెక్కి, నూనెలో నానబెట్టి అచ్చు తయారుచేస్తారు. గీతకు ఒక అచ్చు, లోపల రంగు నింపడానికి వేరే అచ్చులు. అచ్చు అరిగిపోతే దాని ముద్రను చూసి నేర్పుగల పనివాడు కొత్త అచ్చు చెక్కగలడు. ఇంతవరకు చిక్కేమీ లేదు.

చిక్కు రంగు దగ్గర వస్తుంది. విచిత్రమేమంటే, ఎరుపు కోసం అద్దేది ఎర్రరంగు కాదు, పటిక ద్రావణం. దానికి రంగు లేదు. అద్దిన చోటు కంటికి కనిపించడానికి అందులో కొంచెం పోయే రంగు కలుపుతారు. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీళ్ళలో పులియబెడతారు. అప్పుడు పుట్టే ఆమ్లంలో ఇనుము కరుగుతుంది. అద్దబోయే గుడ్డను ముందుగానే కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి నల్లని పదార్థమవుతుంది. పాలలోని కొవ్వు, అద్దిన ద్రావణం గీత దాటి పాకకుండా ఆపుతుంది.

తర్వాత బట్టను పారే నీటిలో ఉతికి, అదనంగా ఉన్న పటికను పోగొట్టి, ఎర్రరంగు నిచ్చే వేరుతో ఉడికిస్తారు. బట్ట అంతా ఒకే కాగులో ఉడుకుతుంది. అయినా పటిక అద్దిన చోటే నిండైన ఎరుపు నిలుస్తుంది. తక్కిన చోట అంటిన లేత రంగు ఉతికి ఎండలో ఆరేస్తే పోతుంది. రంగును గుడ్డకు పట్టి ఉంచే ఇట్లాంటి లవణాలనే వర్ణబంధకాలంటారు. అద్దకంలో అచ్చు అద్దేది రంగును కాదు, రంగు ఎక్కడ నిలవాలన్న ఆజ్ఞను.

పూర్వం ఈ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. సముద్రతీరపు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు అది. అందులోని ముఖ్య వర్ణద్రవ్యం అలిజరిన్. ఇది అల్యూమినియంతో పాటు కాల్షియంతో కూడా బంధించుకున్నప్పుడే ఎరుపు నిండుగా, గట్టిగా వస్తుంది. గుల్లలూ గవ్వలూ కలిసిన తీరపు నేలల్లో ఆ సున్నపు అంశం సహజంగానే ఉంటుంది. వేరు, నీరు, నేల, పాలు, ఎండ అన్నీ కలిస్తే గాని ఆ ఎరుపు లేదు.

ఈ సంగతి ఐరోపావారికి బాగా అనుభవమైంది. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నంలో వర్తకశాల పెట్టారు. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు ఐరోపాలో ఎంతగా చెల్లాయంటే, అక్కడి నేతగాళ్ళ మొర విని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. ఇంగ్లండు 1721లో అద్దకం నూలుబట్టలు ధరించడాన్నే నిషేధిస్తూ చట్టం చేసింది. వాటి పూలనూ తీగెలనూ చూసి అచ్చులు చెక్కుకోవడం వారికి కష్టం కాలేదు. ఉతికినా పోని రంగు మాత్రం చూసినంత మాత్రాన అంతుపట్టలేదు.

అందుకే వారు పనివాళ్ళనే అడిగి తెలుసుకోవలసి వచ్చింది. 1734 ప్రాంతంలో బ్యూలియో అనే ఫ్రెంచి నావికాధికారి పుదుచ్చేరిలో ఈ పనిని మొదటినుంచి చివరిదాకా చూసి రాశాడు. ఒక్కొక్క దశలో బట్ట ఎట్లా ఉన్నదో తెలియడానికి గుడ్డముక్కలను కూడా భద్రపరిచాడు. తెలుగు నేర్చిన ఫ్రెంచి ఫాదిరీ కేర్దూ, అద్దకం పనివారి నుంచి తెలుసుకున్న పద్ధతిని 1742లో ఒక లేఖలో వివరించాడు. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్, 1795లో మొదలైన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో చిరివేరును, దానితో రంగు వేసే విధానాన్ని వర్ణించాడు. మన పనివాళ్ళు చేతులతో దాచుకున్న విద్య ఈ విధంగా కాగితం కెక్కింది. 1783లో స్కాట్లండువాడైన థామస్ బెల్ అద్దకానికి రాగి రోలరు యంత్రం కనిపెట్టాడు. దానితో ఐరోపా మనను మించిపోయింది.

రెండవ దెబ్బ రసాయనశాస్త్రం నుంచి వచ్చింది. 1868లో గ్రేబ, లీబర్మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు తారునుంచి తీసిన ఆంత్రసీన్‌తో అలిజరిన్ తయారుచేశారు. ఒక మొక్కలోని వర్ణద్రవ్యాన్ని ప్రయోగశాలలో సృష్టించడం అదే మొదటిసారి. చౌకగా అలిజరిన్ దొరికేసరికి చిరివేరును తవ్వేవారు కరువయ్యారు.

స్వాతంత్ర్యం తర్వాత 1952లో అఖిల భారత హస్తకళల మండలి ఏర్పడింది. దాని అధ్యక్షురాలు కమలాదేవీ చట్టోపాధ్యాయ కలంకారీ పునరుద్ధరణకు ఎంతో కృషిచేశారు. నేడు పెడనలో అద్దకం సాగుతూనే ఉన్నది. అయితే అక్కడి కాగుల్లో ఎరుపు నిచ్చేది సాధారణంగా కర్మాగారపు అలిజరినే.

ఇది నకిలీయా? తొందరపడి తీర్పు చెప్పకూడదు. వేరులోని అలిజరిన్ అణువుకు, తారునుంచి తీసిన అణువుకు నిర్మాణంలో తేడా లేదు. కాని వేరులో అలిజరిన్ ఒంటరిగా ఉండదు. తోడుగా మరికొన్ని పదార్థాలు ఉంటాయి. వేరును బట్టీ, నీటిని బట్టీ, పనివాని చెయ్యిని బట్టీ ఎరుపులో ఛాయలు మారేవి. అణువు దక్కింది, ఆ ఛాయల లెక్క చాలావరకు చేజారింది. పాత టేకు అచ్చును ఎంత తిప్పి చూసినా అందులో ఆ లెక్క కనిపించదు. బట్టమీద మిగిలిన రంగును పరీక్షించీ, పాత వివరణలు చదివీ, ఇంకా పని తెలిసిన వృద్ధులను అడిగీ తెలుసుకోవలసిందే. ఈ మూడింటిలో మూడవది అన్నిటికన్నా త్వరగా కనుమరుగయ్యేది.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలోనే చూపవచ్చు. కావలసిన కరక్కాయ, పటిక కిరాణా దుకాణంలోను, మంజిష్ఠ వేరు మూలికల అంగడిలోను దొరుకుతాయి. మంజిష్ఠ చిరివేరు కుటుంబానికి చెందిన మొక్కే. కనుక సిద్ధిపేట జిల్లా ఎర్రవల్లి వంటి ఊళ్ళోని పాఠశాలలోనూ ఇది సాధ్యమే. గంజి లేని తెల్లని నూలుగుడ్డను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టండి. ఒక మూల పటిక ద్రావణం, ఇంకొక మూల రెండు వారాలు బెల్లపు నీళ్ళలో నానిన తుప్పుమేకుల నీరు పూయండి. బాగా ఆరిన తర్వాత పారే నీటిలో కడిగి, ఉపాధ్యాయుని సమక్షంలో మంజిష్ఠతో ఉడికించండి. ఒకే కాగు, ఒకే వేరు. కాని ఒక మూల ఎరుపు, ఒక మూల నలుపు వస్తాయి.

తర్వాత మీ ఊళ్ళో నేత, కుమ్మరం, కంచుపని, ఏది మిగిలి ఉంటే ఆ పని తెలిసిన పెద్దల వద్దకు విద్యార్థులను పంపండి. ఏ పాలు ఎంత, ఎన్ని రోజులు, ఏ ఎండలో అని అడిగి రాయించండి. పనిముట్లను భద్రపరచడానికి ప్రదర్శనశాలలున్నాయి. పని తీరును భద్రపరచాలంటే అడిగేవాడు, రాసేవాడు కావాలి.