ఒంటిపూట బడులు

ఎండ తీవ్రత నుంచి విద్యార్థులను కాపాడేందుకు పాఠశాలలను ఒక పూటకే పరిమితం చేసే ప్రభుత్వ ఏర్పాటును ఒంటిపూట బడులు అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇవి సాధారణంగా మార్చి మధ్యలో మొదలై ఏప్రిల్ చివరి వారంలో వేసవి సెలవుల వరకు సాగుతాయి. ఇటీవలి సంవత్సరాల్లో పనివేళలు ఉదయం 7.45 నుంచి మధ్యాహ్నం 12.30 వరకు ఉన్నాయి. బడి ముగిశాక మధ్యాహ్న భోజనం పెట్టి పిల్లలను ఇళ్లకు పంపుతారు. పాఠశాలలు సాధారణంగా జూన్ 12న తిరిగి తెరుచుకుంటాయి.

రాష్ట్రంలోని గోదావరి డెల్టాలో వేసవి ఉష్ణోగ్రతతో పాటు సముద్రపు గాలిలోని తేమ కూడా ఎక్కువ. తేమ వల్ల చెమట త్వరగా ఆరదు. శరీరం చల్లబడటం కష్టమవుతుంది. రాజమహేంద్రవరంలో మే నెలలో ఉష్ణోగ్రత తరచూ 40 డిగ్రీలు దాటుతుంది. వడగాలుల నిర్ధారణకు గరిష్ఠ ఉష్ణోగ్రత మైదానాల్లో కనీసం 40, తీరప్రాంతాల్లో కనీసం 37 డిగ్రీల సెల్సియస్ ఉండాలని భారత వాతావరణ శాఖ నిర్ణయించింది. సాధారణ ఉష్ణోగ్రత కంటే ఎంత పెరిగిందో కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

ఇంత వేడి ఉన్నా తరగతి గదుల్లో ఎయిర్ కండిషనర్లు తప్పనిసరి కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం అన్ని కాలాలకూ తగిన భవనం, సురక్షితమైన తాగునీరు ఉండాలని చెబుతుంది; శీతలీకరణ యంత్రాలను ప్రస్తావించదు. 2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైన రాష్ట్ర ప్రభుత్వ ‘మన బడి నాడు-నేడు’ పథకం తొలి దశలో 15,715 పాఠశాలలను ఎంచుకుని ఫ్యాన్లు, విద్యుద్దీపాలు, తాగునీటి వసతి కల్పించింది. ఇలా పనివేళల మార్పు, ఫ్యాన్లు, తాగునీరు ప్రభుత్వ బడుల్లో వేసవి రక్షణకు ప్రధాన ఆధారాలయ్యాయి.